ఈ శస్త్రచికిత్స ఎవరికి తగును?



కుటుంబమంతా చదివే పత్రికలో పిరుదుల గురించి రాయడమేమిటని కొందరు పెద్దలు నొసలు చిట్లించవచ్చు. వారి సంకోచం అర్థం చేసుకోదగినదే. కాని మనం సిగ్గుపడి మాట్లాడని విషయాన్ని ప్రకటనలవాళ్లు ఏ సిగ్గూ లేకుండా మన పిల్లలతో మాట్లాడుతున్నారు. యూసుఫ్‌గూడ చెక్‌పోస్టు నుండి కృష్ణానగర్ మీదుగా జూబ్లీహిల్స్ వైపు వెళ్లి చూడండి. లేదా అమీర్‌పేట మీదుగా పంజాగుట్ట దాకా వెళ్లి చూడండి. కోచింగ్ సెంటర్ల బోర్డుల పక్కనే జుట్టు మొలిపిస్తాం, పొట్ట కరిగిస్తాం, ఒంటి తీరు మారుస్తాం అనే బోర్డులు కనిపిస్తాయి. బోర్డు మీద రాయని సంగతులు చేతిలోని ఫోను చెబుతుంది. పిరుదులను నిండుగా, ఎత్తుగా చేసే శస్త్రచికిత్స కూడా వాటిలో ఒకటి. మన ఇంటి ఆడపిల్ల రేపు ఈ విషయం అడిగితే మనం ఏమని జవాబు చెబుతాం? "ఛీ, నోరు ముయ్" అన్నది జవాబు కాదు. "నీ ఇష్టం" అన్నదీ జవాబు కాదు.

కనుక ప్రశ్నను సూటిగానే అడుగుదాం. ఇలాంటి చికిత్సకు తగినవారు ఎవరు? కానివారు ఎవరు? "తగినవారు" అనే మాటను డాక్టర్లు ఒక అర్థంలో వాడతారు. ఆ శరీరం కత్తికి తట్టుకోగలదా అన్నది వారి ప్రశ్న. మన మనస్సాక్షి దాని వెంట మరొక ప్రశ్న అడగాలి. ఆ మనిషికి ఉన్న బాధ కత్తితో తీరేదేనా? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు దొరికితేగాని ఎవరు తగినవారో తేలదు.

అసలు చేసేదేమిటి?

ముందుగా పని ఏమిటో తెలుసుకుందాం. తెలియని దాని మీద తీర్పు చెప్పకూడదు గదా.

శస్త్రచికిత్సలో ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. మొదటిది, పొట్ట, నడుము, తొడల నుండి సన్నని గొట్టంతో కొవ్వు తీసి, శుభ్రం చేసి, పిరుదుల్లోకి ఎక్కించడం. దీనిని బ్రెజిలియన్ బట్ లిఫ్ట్ అంటున్నారు. ఎక్కించిన కొవ్వంతా నిలవదు. అందులో చెప్పుకోదగిన భాగాన్ని కొన్ని నెలల్లో శరీరమే పీల్చేసుకుంటుంది. రెండవది, సిలికాన్ దిమ్మెలను లోపల అమర్చడం. ఇందులో చీము పట్టడం, కుట్లు విడిపోవడం, దిమ్మె స్థానం తప్పడం వంటి కష్టాలుంటాయి. పద్ధతి ఏదైనా కొన్ని వారాలు పిరుదుల మీద బరువు మోపి కూర్చోకూడదు, వెల్లకిలా పడుకోకూడదు. పసిబిడ్డ ఉన్న తల్లికీ, రోజంతా కూర్చుని పని చేసే ఉద్యోగికీ ఈ ఒక్క నియమమే పెద్ద పరీక్ష.

కత్తి లేని పద్ధతుల్లో చర్మం కింది పొరను ఉబ్బించే ఇంజెక్షన్లు ఉన్నాయి. వీటిని పలుమార్లు వేయించుకోవాలి, ఫలితం శాశ్వతం కాదు, ఖర్చు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. కత్తి లేదు గనుక ప్రమాదమూ లేదని అనుకోవద్దు. 2024 సెప్టెంబరులో ఇంగ్లండులో ఒక తల్లి ఇలాంటి ఇంజెక్షన్లు వేయించుకున్న తరువాత మరణించింది. ద్రవరూపంలోని సిలికాన్‌ను శరీరాకృతి కోసం ఎక్కించుకోవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరించింది. అది ఒక చోట నిలవదు. రక్తనాళాల్లోకి చేరితే ఊపిరితిత్తులకో మెదడుకో ప్రాణాంతకం కాగలదు.

ఇక కొవ్వు ఎక్కించే పద్ధతిలో ఉన్న ప్రమాదాన్ని వివరంగా చెప్పుకోవాలి. పిరుదు కండల లోతున పెద్ద సిరలు ఉన్నాయి. ఎక్కించే గొట్టం మొన లోతుకు దిగి ఆ సిరను చీల్చితే కొవ్వు రక్తంలో కలిసి, నేరుగా గుండెకూ ఊపిరితిత్తులకూ వెళ్లి అడ్డుపడుతుంది. మనిషి బల్ల మీదనే ప్రాణం వదలవచ్చు. 2017లో అమెరికాలో సర్జన్లే తమలో తాము జరిపిన సర్వేలో, సుమారు 3,000 మందిలో ఒకరు ఇలా మరణిస్తున్నారని అంచనా వేశారు. అందం కోసం చేసే శస్త్రచికిత్సల్లో ఇంత మరణాల రేటు మరి దేనికీ లేదని ఆనాడు వైద్యలోకం ఉలిక్కిపడింది. 2018లో బ్రిటనులోని సౌందర్య శస్త్రచికిత్సకుల సంఘం ఈ పని ఆపివేయవలసిందిగా తన సభ్యులకు సలహా ఇచ్చింది. కండలోకి ఎన్నడూ వెళ్లకూడదు, చర్మం కిందనే ఎక్కించాలి అనే నియమం వచ్చింది. 2020లో వెలువడిన మరొక సర్వేలో మరణాలు సుమారు 15,000 మందికి ఒకరుగా తగ్గినట్లు కనిపించింది. రోజుకు ముగ్గురికి మించి ఒక సర్జను ఈ శస్త్రచికిత్స చేయరాదని అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్ర వైద్య మండలి 2022లో ఆజ్ఞ జారీ చేసింది. గొట్టం మొన ఎక్కడుందో అల్ట్రాసౌండ్ యంత్రంలో చూస్తూనే చేయాలని మరుసటి సంవత్సరం అక్కడే చట్టం వచ్చింది.

ఈ అంకెలు చెప్పింది భయపెట్టడానికి కాదు. క్రమశిక్షణ ఉన్నచోట ప్రాణాలు నిలిచాయి, తొందరా లాభాపేక్షా ఉన్నచోట పోయాయి. అందువల్ల "ఎవరికి తగును" అన్న ప్రశ్న రోగికి మాత్రమే కాదు, డాక్టరుకూ వర్తిస్తుంది.

మన దగ్గర జరిగినవి

ఇదంతా పరాయి దేశాల గొడవ అనుకోకండి. 2001లో "నువ్వు నాకు నచ్చావ్" చిత్రంతో తెలుగువారి ఇంటింటికీ తెలిసిన ఆర్తి అగర్వాల్‌ను మీరు మరచిపోయి ఉండరు. 2015 జూన్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో ఆమె మరణించారు. అప్పటికి ఆమె వయస్సు 31 ఏళ్లు. అంతకు కొన్ని వారాల ముందు కొవ్వు తీయించుకునే లైపోసక్షన్ చేయించుకున్నారనీ, ఊపిరి అందక బాధపడ్డారనీ అప్పటి పత్రికలు రాశాయి. ఆమె మరణానికి కారణమేదో తీర్పు చెప్పడం మన పని కాదు. అయితే ఒక్క మాట. లావయ్యారని ఆమెను ఎగతాళి చేసిన నోళ్లలో ప్రేక్షకులమైన మన నోళ్లు కూడా ఉన్నాయి.

2022 మే నెలలో బెంగుళూరులో కన్నడ టెలివిజను నటి చేతనా రాజ్ కొవ్వు తగ్గించే శస్త్రచికిత్స కోసం వెళ్లి మరణించింది. ఆమెకు 21 ఏళ్లు. ఆమె వెళ్లిన సంగతి తల్లిదండ్రులకు తెలియదు.

మన హైదరాబాదులోనే 2016 ఏప్రిల్‌లో జరిగినది గుర్తు చేసుకోండి. ఇరవై ఏళ్లు దాటిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఎత్తు పెరగడానికి కాళ్ల ఎముకలు కోయించుకున్నాడు. అతడు పొట్టివాడేమీ కాదు. కొడుకు కనిపించడం లేదని వెతుకుతున్న తల్లిదండ్రులకు చివరకు అతడు ఆసుపత్రి మంచం మీద కనిపించాడు. తరువాత తెలంగాణ వైద్య మండలి ఆ శస్త్రచికిత్స చేసిన డాక్టరును రెండేళ్లపాటు వృత్తి నుండి సస్పెండు చేసింది.

చేయించుకున్న అవయవాలు వేరు. కాని ఆ బెంగుళూరు అమ్మాయిలోనూ, ఈ హైదరాబాదు యువకునిలోనూ ఒక సంగతి సమానం. ఇద్దరూ మేజర్లే, ఇద్దరికీ చట్టప్రకారం హక్కు ఉంది. అయినా ఇద్దరూ ఇంట్లో చెప్పలేకపోయారు. కడుపున పుట్టిన పిల్లలు తమ బాధను తమకు చెప్పకుండా ఒక అపరిచిత డాక్టరుకు ఎందుకు చెప్పారన్న ప్రశ్న ప్రతి తల్లినీ తండ్రినీ వేధించక మానదు.

బాగుచేయడం, మార్చడం

"దేవుడిచ్చిన దేహాన్ని మార్చడమే తప్పు" అని కొందరు తేల్చేస్తారు. ఈ మాట నిలవదు. మనం పసిపిల్లలకు చెవులు కుట్టిస్తాం. వంకర పళ్లకు తీగలు కట్టిస్తాం. జుట్టుకు రంగు వేస్తాం. గ్రహణమొర్రితో పుట్టిన బిడ్డ పెదవిని కుట్టించడం పుణ్యకార్యమని అంటాం. తెగిన ముక్కును చర్మంతో తిరిగి కట్టే విద్యను సుశ్రుతుడు వేల ఏళ్ల క్రితమే మన దేశంలో వివరించాడు. మార్చడమే పాపమైతే ఇవన్నీ పాపాలే.

మరి గీత ఎక్కడ? ప్రభుత్వం ఒక గీత గీసింది. 2017లో జి.ఎస్.టి. వచ్చినప్పుడు వైద్యసేవలకు పన్ను మినహాయించారు గాని, అందం కోసం చేసే శస్త్రచికిత్సకు ఆ మినహాయింపు ఇవ్వలేదు. పుట్టుకతో వచ్చిన లోపాన్నో, ఎదుగుదలలో వచ్చిన లోపాన్నో, దెబ్బ వల్ల పోయినదాన్నో సరిచేసేదైతే మాత్రం మినహాయింపు ఉంది. ఆరోగ్య బీమా పాలసీలు కూడా ప్రమాదం, కాలిన గాయాలు, కేన్సరు తరువాత చేసే పునర్నిర్మాణాన్ని ఒప్పుకుంటాయి, కేవలం అందం కోసం చేసేదాన్ని ఒప్పుకోవు. అంటే బాగుచేయడం వేరు, మార్చడం వేరు అని చట్టానికీ తెలుసు.

ఈ గీత మంచిదే గాని చాలదు. మనిషి బాధ పన్నుల అధికారి గీతను చూసి ఆగదు. బ్రెజిల్ దేశపు ఐవో పిటాంగీ అనే సర్జన్ సంగతి చూడండి. శరీరాకృతి శస్త్రచికిత్సలో, పిరుదులను ఎత్తి కుట్టే పద్ధతిలో కూడా ఆయన ఆద్యులలో ఒకడు. ధనవంతులకు అందం అమ్మిన డాక్టరని ఆయన పేరు. అదే మనిషి 1961 డిసెంబరులో నితెరోయ్ పట్టణంలో సర్కస్ డేరా కాలిపోయి వందలమంది చనిపోయినప్పుడు, కాలిన పిల్లలకూ పెద్దలకూ చర్మం అతికించే పనిలో దిగాడు. పేదలకు ఉచితంగా చికిత్స చేసే విభాగాన్ని రియో నగరంలో నడిపాడు. అదే చేయి, అదే కత్తి. కనుక మంచిచెడ్డలను కత్తిలో వెతకకూడదు. ఎందుకు, ఎవరికి, ఎంత ప్రమాదానికి ఓర్చి అన్నవాటిలో వెతకాలి.

ఈ విషయంలో కతోలిక శ్రీసభ మౌనంగా లేదు. 1958 అక్టోబరు 4న, తమ మరణానికి ఐదు రోజుల ముందు, 12వ పియూస్ జగద్గురువులు ఇటలీ దేశపు ప్లాస్టిక్ సర్జన్ల మహాసభలో ప్రసంగించారు. దేహ సౌందర్యం కూడా ఒక మేలేననీ, కాకపోతే అన్నిటికంటె గొప్ప మేలు కాదనీ వారి బోధ సారాంశం. ఆ శస్త్రచికిత్స తనంతట తాను పాపమూ కాదు, పుణ్యమూ కాదు. ఉద్దేశం సరైనదై ఉండాలి, ఆరోగ్యానికి పెద్ద ముప్పు ఉండకూడదు, కారణం ఆ ప్రమాదానికి తగినదై ఉండాలి అని వారు మూడు కొలబద్దలు చూపారు. కేవలం ఇతరులను ఆకర్షించి తప్పుదారి పట్టించడానికో, ఫ్యాషన్ మోజుతోనో చేయించుకోవడం సరికాదన్నారు. మనసును కుంగదీసే లోపం, వృత్తికి అడ్డువచ్చే లోపం ఉన్నప్పుడు అది న్యాయమే కావచ్చునని కూడా అన్నారు. అరవై ఏళ్లకు పైబడినా ఆ కొలబద్దలు పాతబడలేదు.

నలుగురిని తీసుకుందాం

కొలబద్ద చేతిలో ఉంటే చాలదు, కొలిచి చూడాలి. మన చుట్టూ ఉండగల నలుగురిని ఊహించుకుందాం.

మొదటిది, చిన్ననాడు పోలియో వచ్చిన స్త్రీ. ఒక కాలూ, ఆ వైపు పిరుదూ కండ లేక చిక్కిపోయాయి. గట్టి కుర్చీలో, చర్చి బల్ల మీద గంటసేపు కూర్చుంటే ఎముక ఒరుసుకుని నొప్పి. ఎయిడ్స్ చికిత్సలో పూర్వం వాడిన కొన్ని మందుల వల్ల పిరుదుల్లో కొవ్వు కరిగిపోయి కూర్చోవడమే నరకమైనవారు కూడా ఉన్నారు. కాలినవారు, ప్రమాదంలో కండ పోగొట్టుకున్నవారు ఉన్నారు. వీరికి ఇది అలంకారం కాదు, వైద్యం. దేహం అనుకూలిస్తే, డాక్టరు ఒప్పుకుంటే, వీరు తగినవారే. వీరిని చూసి "ఈ వయస్సులో సోకులా?" అనేవారే సిగ్గుపడాలి. పంజాగుట్ట నిమ్స్‌లోనూ, ఉస్మానియా ఆసుపత్రిలోనూ ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయని వీరికి చెప్పడం, తోడు వెళ్లడం మన పని.

రెండవది, నలభై దాటిన గృహిణి. కాన్పుల తరువాత బరువు పెరిగి, కష్టపడి తగ్గింది. ఒంటి తీరు జారిపోయింది. ఆమెను ఎవరూ ఒత్తిడి చేయలేదు. డబ్బు అప్పు కాదు. ప్రమాదం ఏమిటో చదివి తెలుసుకుంది. ఈమె పాపం చేస్తున్నదని ఎవరూ వేలు చూపలేరు. అయినా ఆమె తనను తాను ఒకటి అడగాలి. వేలమందిలో ఒకరికి వచ్చే మరణం తనకే వస్తే, బడికి వెళ్లే పిల్లల ముందు ఈ కోరిక బరువు ఎంత? ప్రమాదం చిన్నదే కావచ్చు. కాని గుండె ఆపరేషనులో ప్రమాదానికి ఓర్చేది బతకడానికి, ఇక్కడ ఓర్చేది అద్దం కోసం. లెక్క ఒకటే అయినా తూకం వేరు. ఆలోచించి వద్దనుకుంటే ఆమె ఓడిపోయినట్లు కాదు. ఆలోచించి సరే అనుకుంటే, అన్ని జాగ్రత్తలతో, భర్తకూ ఇంటివారికీ చెప్పి వెళ్లాలి.

మూడవది, పందొమ్మిదేళ్ల కాలేజీ పిల్ల. రాత్రిళ్లు ఫోనులో బొమ్మలు చూస్తుంది. ఆ బొమ్మల్లో చాలా భాగం దీపాల మాయ, దుస్తుల మాయ, ఫోనులోనే గీతలు మార్చే మాయ. తన దేహం తనకు శత్రువైంది. రోజుకు పది సార్లు అద్దం చూసుకుంటుంది, ఫోటోలకు రాదు, స్నేహితుల పెళ్లికి పోదు. ఇది ముదిరితే ఒక మనోవ్యాధి. దేహంలో లేని లోపాన్నో, ఎవరికీ కనిపించని లోపాన్నో పట్టుకుని కుమిలిపోయే ఈ వ్యాధి నూటికి ఇద్దరిలో ఉంటుందని అంచనా. అందం కోసం సర్జన్ల దగ్గరికి వచ్చేవారిలో ఇంకా ఎక్కువ. ఈ వ్యాధి ఉన్నవారికి శస్త్రచికిత్స తృప్తినివ్వదు. పిరుదు అయ్యాక ముక్కు, ముక్కు అయ్యాక పెదవి. ఈ అమ్మాయి ఒళ్లు ఆరోగ్యంగా ఉండవచ్చు, రక్తపరీక్షలన్నీ సరిగా ఉండవచ్చు. అయినా ఆమె తగినది కాదు. నొప్పి ఉన్నచోట కత్తి పడటం లేదు. ఆమెకు కావలసింది మానసిక వైద్యుడు, వినే తల్లి, ఎగతాళి చేయని అన్నదమ్ములు. ఈమెను పంపించివేసే సర్జనే నిజమైన వైద్యుడు.

నాలుగవది అన్నిటికంటె కష్టమైనది. కృష్ణానగర్‌లో ఒక గదిలో నలుగురితో కలిసి ఉంటూ సినిమాల్లో గ్రూపు డాన్సులు చేసే అమ్మాయి. తెల్లవారకముందే షూటింగు పిలుపు కోసం ఎదురుచూస్తుంది. ఊళ్లో ఉన్న తల్లికి డబ్బు పంపుతుంది. "ఒళ్లు కాస్త బాగుంటే ముందు వరుసలో నిలబెడతాం" అని ఎవరో కో-ఆర్డినేటరు అన్నాడు. వాయిదాల మీద చేస్తామని ఎవరో క్లినిక్కువారు అన్నారు. ఈమెది ఫ్యాషన్ మోజు అనగలమా? ఆమెకు అది అన్నం. వృత్తికి అడ్డువచ్చే లోపం గురించి జగద్గురువులు చెప్పినది ఆమెకు వర్తించదా అని మీరు అడగవచ్చు.

నిజాయితీగా ఆలోచిస్తే, వర్తించదు. ఆమె దేహంలో లోపం ఏదీ లేదు. లోపమున్నది ఆమెను ఎంచేవారి కళ్లలో. తప్పు ఒకరిది, కోత మరొకరికి. ఆమె ఒక్కసారి లొంగితే ఆ కళ్లకు తృప్తి కలుగుతుందా? ఆమె ముందు వరుసకు వస్తే వెనుక వరుసలో మిగిలిన పదిమందికీ అదే మాట చెబుతారు. రేపు పదకొండుగురూ చేయించుకుంటే ముందు వరుస మళ్లీ ఒకటే ఉంటుంది. ఆకలితో ఉన్నవారి "ఇష్టం" పూర్తి ఇష్టం కాదని మనకు తెలుసు. అలాగని ఆమెను నిందించి ఊరుకుంటే మన చేతులు కడుక్కున్నట్లే. ఆమె చేయించుకుంటే పాపభారంలో పెద్ద వంతు అడిగినవాడిది, అప్పిచ్చి పురికొల్పినవాడిది, టికెట్టు కొని ఈల వేసినవాడిది. ఆమెకు మన సహాయం ఇంకొక పని చూపడం, ఆకలి రోజున అన్నం పెట్టడం, ఆదివారం పూజ తరువాత ఆమెను పేరు పెట్టి పలకరించడం.

ఫ్యాషన్ మారుతుంది, ఒళ్లు మారదు

ఇంకొక సంగతి. అమరావతి శిల్పాల్లో స్త్రీలు నిండైన తుంటితో కనిపిస్తారు. రామప్ప గుడి మదనికలు పొడవుగా, నాజూకుగా ఉంటారు. రెండూ మన తెలుగు నేల శిల్పాలే, రెండూ అందమే. ఐరోపాలో 1870, 1880 దశకాల్లో స్త్రీలు లంగా వెనుక ఒక చట్రం కట్టుకుని పిరుదులు ఎత్తుగా కనిపించేలా చేసుకునేవారు. ఫ్యాషన్ పోగానే ఆ చట్రాన్ని అటక మీద పడేశారు. ఆనాడు మారింది బట్ట. ఈనాడు ఒళ్లే బట్ట అయింది, దానిని అటక మీద పడేయలేము. పదేళ్లకు లోకం మళ్లీ సన్నదనాన్ని మెచ్చుకుంటే, పెట్టించుకున్నదాన్ని తీయించుకోవడానికి మళ్లీ కత్తి కిందికే వెళ్లాలి. అందుకే లోకం చూపుకోసం చేయించుకున్న మార్పుకు అంతు ఉండదు.

ఇక తగినవారని తేలినవారు చూసుకోవలసినవి

మనస్సాక్షి ఒప్పుకుంది, కారణం గట్టిది అని తేలినవారు కూడా గుడ్డిగా వెళ్లరాదు. డాక్టర్లు సాధారణంగా చూసేవి ఇవి. పద్దెనిమిది ఏళ్లు నిండి ఉండాలి. బరువు కొన్ని నెలలుగా నిలకడగా ఉండాలి. కొవ్వు ఎక్కించాలంటే తీయడానికి తగినంత కొవ్వు ఒంట్లో ఉండాలి. మరీ సన్నగా ఉన్నవారికి ఆ పద్ధతి కుదరదు. స్థూలకాయం ఉంటే మత్తూ గాయమూ రెండూ ప్రమాదమే. అదుపులో లేని షుగరు, గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు తగినవారు కారు. పొగతాగేవారు మానివేయాలి, లేకపోతే గాయం మానదు.

డాక్టరును ఈ ప్రశ్నలు అడగండి, సంకోచించకండి. మీరు ఎం.సి.హెచ్. ప్లాస్టిక్ సర్జరీ చదివారా, దానికి సమానమైన డిగ్రీ ఉందా? వైద్య మండలిలో మీ రిజిస్ట్రేషను నంబరు ఎంత? మత్తు డాక్టరు ఎవరు, ఆపరేషను అంతసేపూ ఉంటారా? ప్రాణం మీదికి వస్తే ఇక్కడ ఐ.సి.యు. ఉందా, లేకపోతే ఎక్కడికి తీసుకువెళతారు? కొవ్వు చర్మం కిందనే ఎక్కిస్తారా, అల్ట్రాసౌండ్ వాడతారా? ఇంజెక్షనులో ఉన్న మందు పేరేమిటి, సీసా చూపుతారా? ఈ ప్రశ్నలకు విసుక్కునే చోట మీ దేహాన్ని పడుకోబెట్టకండి. చేయబోయేది, ప్రమాదాలు, వేరే మార్గాలు అన్నీ చెప్పిన తరువాతనే రోగి ఇచ్చే అంగీకారానికి విలువ ఉంటుందని మన సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో తేల్చింది. "ఈ రోజే కడితే తగ్గింపు" అనేది అంగడి భాష, ఆసుపత్రి భాష కాదు. సంతకం చేసేముందు ఒక నెల ఆగండి. నిజమైన అవసరం నెలరోజుల్లో కరిగిపోదు. మోజు కరిగిపోతుంది.

ఇంట్లో మొదలుపెడదాం

తల్లిదండ్రులారా, మన ఇళ్లలో దేహాన్ని గురించి మనం ఎలా మాట్లాడుతున్నాం? "బక్కది", "బొద్దుది", "నల్లది", "వెనకాల చదును" అని భోజనాల దగ్గర నవ్వులకు అంటాం. పెళ్లిచూపుల్లో అమ్మాయిని నడిపించి చూస్తాం. ఆ మాట అన్నవారు మరచిపోతారు, విన్న పిల్ల ఇరవై ఏళ్లు మోస్తుంది. దేహం పవిత్రాత్మకు ఆలయమని పునీత పౌలు కొరింతీయులకు బోధించారని మన పిల్లలకు సత్యోపదేశంలో నేర్పుతాం. పరిశుద్ధంగా ఉంచుకోమని చెప్పడానికే ఆ మాట వాడతాం. ఆలయాన్ని వెక్కిరించకూడదని కూడా అందులోనే ఉందని మనకు ఎందుకు తోచదు?

యువతీ యువకులారా, మీరు మేజర్లు, మీ దేహం మీద హక్కు మీదే. అయినా రహస్యంగా వెళ్లకండి. మీ మంచం పక్కన మీ చేయి పట్టుకుని కూర్చునే ఒక్క మనిషికైనా చెప్పండి. అమ్మకు చెప్పలేకపోతే అక్కకు, అక్కకు చెప్పలేకపోతే పిన్నికి, నమ్మకమైన మఠకన్యకు, విచారణ గురువుకు చెప్పండి. ఎవరికీ చెప్పలేని కారణంతో చేయించుకోబోతుంటే, ఆ కారణాన్నే మరొకసారి పరీక్షించి చూడండి.

మీ ఇంట ఈ ప్రశ్న వచ్చిన రోజున కోపగించుకోకండి, నవ్వకండి. తలుపు వేసి, పక్కన కూర్చోబెట్టుకుని, "నీకు నొప్పి ఎక్కడమ్మా?" అని అడగండి. నొప్పి ఒంట్లో ఉందంటే డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి. మనసులో ఉందంటే ఆ రోజు పనులన్నీ పక్కన పెట్టి వినండి.